గాజువాక నుంచి రామోజీ ఫిల్మ్‌సిటీలో రెండు రాత్రులు: ఎనిమిది మందికి ఎలా వేసుకోవాలి

మీ ప్రశ్న ఇదీ. గాజువాక నుంచి రెండు జంటలు, నాలుగు, తొమ్మిది, పదమూడేళ్ల పిల్లలు ముగ్గురు, డెబ్బై రెండేళ్ల మామ్మగారు, మొత్తం ఎనిమిది మంది. డిసెంబరులో ఫిల్మ్‌సిటీ లోపలి హోటల్లోనే రెండు రాత్రులు ఉండాలి. ప్యాకేజీ మంచిదా, గది విడిగా, టికెట్ విడిగా తీసుకోవాలా? ఏ హోటల్, ఏ రైలు?

హోటల్ సంగతికి ముందు ఒకటి తేల్చుకోండి. లోపల బస చేయడంలో అసలు లాభం రాత్రి నిద్ర కాదు, మధ్యాహ్నం నిద్ర. సందర్శకులకు ఉదయం తొమ్మిదికి తెరుస్తారు, మామూలు రోజుల్లో సాయంత్రం ఐదున్నర ప్రాంతానికి సర్దేస్తారు. పగలంతా తిరిగి రాత్రికి నడుం వాల్చడమే మీ పనైతే, హయత్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో చాలా తక్కువలో గది దొరుకుతుంది, పొద్దున్నే ఆటోలోనో బస్సులోనో వచ్చేయొచ్చు. మీతో మామ్మగారు, నాలుగేళ్ల పిల్లాడు ఉన్నారు కాబట్టి లెక్క మారుతుంది. ఒంటిగంటకు వాళ్లిద్దరినీ గదికి పంపి, భోజనం పెట్టి, రెండు గంటలు పడుకోబెట్టి, నాలుగింటికి మళ్లీ బయటికి తేగలగాలి. ఆ వెసులుబాటుకే మీరు ఎక్కువ డబ్బు కడుతున్నారు. అందుకని రాత్రులు ఎన్ని అన్నది పక్కన పెట్టి, తెరిచి ఉండే గంటలు మీ చేతికి ఎన్ని వస్తాయో చూసుకుని రైళ్లు ఎంచుకోండి.

గోదావరి ఎక్స్‌ప్రెస్ మనవాళ్లకు అలవాటైన బండి. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. కానీ రిసార్టు బసకు అది అంత కుదరదు. పొద్దున్న ఏడున్నరకల్లా మీరు హోటల్ ముందు సూట్‌కేసులతో ఉంటారు, గది ఇచ్చేది మధ్యాహ్నం. స్నానాలు లేవు, మామ్మగారికి కాలు చాపుకోవడానికి మంచం లేదు, పిల్లాడు రైల్లో సగం నిద్రే పోయాడు. ఆ స్థితిలో మొదటిరోజు టూర్‌కి దిగితే పదకొండింటికే ఇంటికెళదామంటారు. ఈ బండే ఖాయమైతే రెండు దార్లున్నాయి. ఒకటి, పొద్దున్నే గది ఇస్తామని, దానికి ఇంత అదనమని హోటల్ చేత ముందే మెయిల్లో రాయించుకోవడం. ఫోన్లో "చూద్దాం సార్" అన్నది లెక్కలోకి రాదు. రెండోది, స్టేషన్లో రిటైరింగ్ రూమ్ బుక్ చేసుకుని అక్కడే స్నానాలు, టిఫిన్లు కానిచ్చి బయల్దేరడం.

మీకు నేను చెప్పేది పొద్దున్న వందే భారత్. విశాఖలో తెల్లవారుజామున ఎక్కితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్, నాలుగింటికల్లా హోటల్. మొదటి సాయంత్రం గది చూసుకోవడం, ఈత కొలను, భోజనం, తొందరగా నిద్ర. రెండోరోజు పూర్తిగా టూర్. మూడోరోజు పొద్దున్న సగం రోజు, రాత్రికి తిరుగు బండి. విశాఖ నుంచి మధ్యాహ్నం బయల్దేరే వందే భారత్ ఇంకొకటుంది, దాని జోలికి వెళ్లకండి. అది అర్ధరాత్రికి దగ్గర పడ్డాక దింపుతుంది, అక్కడి నుంచి పిల్లలతో నలభై కిలోమీటర్లు క్యాబ్‌లో పోవాలి. ఈ బండ్లు వారంలో ఒకరోజు నడవవు. మీ తేదీ ఆ రోజే పడిందేమో ముందే చూసుకోండి.

రైలు టికెట్లలో మూడు సంగతులు. రిజర్వేషన్ 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటోంది, ప్రయాణం రోజును లెక్కలో కలపరు. క్రిస్మస్ వారానికి అక్టోబరు చివరే తెరుచుకుంటుందన్నమాట. పిల్లల విషయానికొస్తే, ఐదేళ్ల లోపు వాళ్లకు సీటు అడక్కపోతే టికెట్ అక్కర్లేదు. కానీ ఎనిమిది గంటలు దాటే కుర్చీ ప్రయాణంలో నాలుగేళ్ల వాడిని ఒళ్లో మోయడం అనుభవించినవాళ్లకే తెలుస్తుంది, పూర్తి ఛార్జీ కట్టి సీటు తీసుకోండి. తొమ్మిదేళ్ల వాడికి సగం ఛార్జీ అన్నది బెర్తు వద్దనుకున్నప్పుడే, కుర్చీ బోగీలో ఆ వెసులుబాటు లేదు, పూర్తి ఛార్జీయే. మూడోది రాత్రి బండిలో తిరిగి వచ్చేటప్పుడు మామ్మగారి కింది బెర్తు. లోయర్ బెర్త్ కోటా 60 నిండిన మగవాళ్లకు, 45 నిండిన ఆడవాళ్లకు. ఆ కోటాలో ఒక టికెట్ మీద ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి, ఇద్దరూ ఆ వయసువాళ్లే అయి ఉండాలి. ఎనిమిది మందినీ ఒకే టికెట్లో వేస్తే ఈ కోటా వర్తించదు. మీలో 45 దాటిన ఆడవాళ్లు ఇంకొకరుంటే వాళ్లను, మామ్మగారిని కలిపి విడిగా వేయండి. తిరకాసు ఏమిటంటే ఆ బెర్తులు వేరే బోగీలో పడొచ్చు. మామ్మగారిని ఒంటరిగా వేసే ముందు ఇది ఆలోచించుకోండి.

టికెట్ మీద దిగే స్టేషన్ పేరు కూడా చదవండి. విశాఖ నుంచి వచ్చే బండ్లు కొన్ని ఇప్పుడు సికింద్రాబాద్ వెళ్లకుండా చర్లపల్లి మీదుగా పోతున్నాయి. ఫిల్మ్‌సిటీకి వెళ్లేవాళ్లకు అది నష్టం కాదు, మేలు. చర్లపల్లి నుంచి ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే ఊళ్లోకి పోకుండానే విజయవాడ హైవే మీద పడతారు. సికింద్రాబాద్ నుంచైతే ఉప్పల్, ఎల్బీనగర్ దాటాలి. మధ్యాహ్నం గంటన్నర, సాయంత్రం ఆరు తర్వాత రెండు గంటలు వేసుకోండి. మెట్రో మాటెత్తకండి. సికింద్రాబాద్ నుంచి ఎల్బీనగర్‌కు నేరుగా బండి లేదు, మధ్యలో లైను మారాలి, సామానుతో అది పని కాదు. ఎనిమిది మందికి రెండు చిన్న క్యాబులకన్నా ఒక టెంపో ట్రావెలర్ నయం, సామాను వెనక పడుతుంది, అందరూ ఒకేసారి చేరతారు.

సొంత కారులో వస్తే ఒక లాభం ఉంది. ఫిల్మ్‌సిటీ హైదరాబాద్‌కు ఇవతలే, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, విజయవాడ నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది. ఊళ్లోకి పోనక్కర్లేదు. కానీ దాదాపు ఆరువందల కిలోమీటర్లు. మామ్మగారితో ఒక్క ఊపులో వద్దు, విజయవాడలో రాత్రి ఆగండి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ సొంత కార్లకు 200 సార్లు పనిచేస్తుంది, ఏడాదిలో ఇంకో దూర ప్రయాణం ఉన్నవాళ్లకు కిట్టుబాటే. సంక్రాంతికి ముందు పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర రద్దీ అంతా హైదరాబాద్ నుంచి మన వైపు. కనుమ మర్నాటి నుంచి అదే రద్దీ మనం వెళ్లే దిక్కుకు తిరుగుతుంది. ఆ రోజుల్లో కారు తీయకండి.

ఇక హోటళ్లు. సితార అన్నిటికన్నా ఖరీదైనది, ఐదు నక్షత్రాల తరహా. తార మధ్యతరగతి కుటుంబాలు ఎక్కువగా దిగేది. శాంతినికేతన్ ఇంకా అందుబాటు ధరలో. వసుంధర విల్లా, గ్రీన్స్ ఇన్ అని ఇంకో రెండున్నాయి. సహారా పెద్ద బృందాలకు, విహారయాత్ర పిల్లలకు, ఒకే గదిలో చాలామంది పడుకునే ఏర్పాటు. మీకు తార సరిపోతుంది. సితారలో దిగి పగలంతా బస్సుల్లో తిరిగితే ఆ గది అందం చూసేదెవరు? రెండు రాత్రుల్లో ఒక పూటంతా హోటల్లోనే గడపాలన్న కోరిక ఉంటే తప్ప దానికి డబ్బు పోయకండి. శాంతినికేతన్‌లో మామ్మగారి కోసం ఒకటే అడగండి: లిఫ్టు ఉందా, లేకపోతే కింది అంతస్తులో గది ఇస్తారా.

ఎనిమిది మందిని రెండు గదుల్లో ఇరికించకండి. మూడు గదులు తీసుకోండి. ఒక జంట, చిన్నపిల్లలిద్దరూ ఎక్స్‌ట్రా బెడ్డుతో ఒక గదిలో. మామ్మగారు, పదమూడేళ్ల మనవరాలో మనవడో రెండో గదిలో. మిగతా జంట మూడో గదిలో. మామ్మగారి గదికి పక్క గదో, మధ్యలో తలుపున్న గదో కావాలని బుకింగ్ రోజే అడగాలి, కౌంటర్ దగ్గరకొచ్చి అడిగితే దొరకదు. పిల్లల వయసు పుట్టినతేదీ ప్రకారం చెప్పండి. ఐదేళ్లకు, పన్నెండేళ్లకు అటూ ఇటూ ఛార్జీ మారుతుంది. కౌంటర్లో ఆధార్ చూసి తేడా వసూలు చేస్తే గొడవపడి లాభం ఉండదు.

ధర పోల్చేటప్పుడు పన్ను కలిపి పోల్చండి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. 7,400 గది పన్నుతో 7,770 అవుతుంది. 7,600 గది 8,968 అవుతుంది. కనపడే తేడా 200, చేతిలోంచి పోయేది 1,198. మూడు గదులు, రెండు రాత్రులకు అదే 7,188. పండగ రోజుల్లో గది ధర ఈ 7,500 గీతకు కాస్త అటూ ఇటూ ఆడుతుంటుంది. తేదీ ఒకరోజు జరిపితే గీత కిందికి వస్తుందేమో చూడండి.

ప్యాకేజీనా విడిగానా అన్నదానికి ఒకే మాటలో జవాబు లేదు, కాగితం చదివి చెప్పాలి. ప్యాకేజీలో టూర్ టికెట్ కలిసి ఉందా, ఉంటే ఒకరోజుకా రెండు రోజులకా? "రెండు రాత్రులు మూడు రోజులు" అని పైన పెద్దక్షరాల్లో ఉండి, లోపల టూర్ ఒక్కరోజుకే ఉండడం ఏ థీమ్ రిసార్టులోనైనా మామూలే. నేను చెప్పిన పద్ధతిలో రెండోరోజు పూర్తిగా, మూడోరోజు సగం తిరగాలంటే రెండు రోజుల ప్రవేశం ఉండాలి, లేదా మూడోరోజు అదనపు టికెట్ ఎంతో తెలియాలి. డిసెంబరు మూడోవారం నుంచి సంక్రాంతి దాకా సాధారణంగా చలికాలపు ఉత్సవం ఉంటుంది, దీపాలు, ఊరేగింపు రాత్రి దాకా సాగుతాయి. ఆ రోజుల్లో పగటి టికెట్ వేరు, సాయంత్రం కలిపిన టికెట్ వేరు. మీ ప్యాకేజీలో ఏది ఉందో రాతలో అడగండి. సాహస్ అనే సాహస క్రీడల విభాగానికి ఎటూ వేరే టికెట్టే.

భోజనం సంగతి వోచర్ మీద పొట్టి అక్షరాల్లో ఉంటుంది. ఈపీ అంటే గది మాత్రమే. సీపీ అంటే టిఫిన్ కలిపి. ఎంఏపీ అంటే టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం. ఏపీ అంటే మూడు పూటలా. మీకు ఎంఏపీ చాలు, ఆ ఒక పూట రాత్రిదే పెట్టించుకోండి. మధ్యాహ్నం ఎక్కడుంటే అక్కడ తినొచ్చు. మూడుపూటల ప్లాన్ తీసుకుంటే తిండి కోసం తిరిగి హోటల్‌కి పరిగెత్తాల్సి వస్తుంది. మామ్మగారు ఉల్లి, వెల్లుల్లి తినకపోతే జైన్ భోజనం అని అడగండి, వంటవాళ్లకు ఆ మాటే తొందరగా అర్థమవుతుంది. శనివారం ఒంటిపూట ఉంటారా, రాత్రి ఏం తింటారు అన్నది కూడా ముందురోజే చెప్పండి. బిల్లు మీద సర్వీస్ ఛార్జీ వేస్తే అది మీ ఇష్టం మీదే. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అలాగే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని నిలబెట్టింది. తీసేయమంటే తీసేయాలి. జీఎస్టీ మాత్రం తప్పదు, ఆ రెండూ కలిపి చూసి గాభరా పడకండి.

డబ్బు కట్టేటప్పుడు జాగ్రత్త. పేరున్న రిసార్టుల పేర్లతో నకిలీ సైట్లు, నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు వెతుకులాటలో పైనే కనిపిస్తాయి. యూపీఐలో మొత్తం కొట్టాక, పిన్ వేయకముందు, తెర మీద ఖాతాదారు పేరు వస్తుంది. అక్కడ కంపెనీ పేరు కాక మనిషి పేరు కనిపిస్తే అక్కడే ఆపేయండి. "సగం అడ్వాన్స్ వేయండి, రీఫండ్‌కి ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అన్నా అంతే, డబ్బు రావడానికి ఎవరూ స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ వేయనక్కర్లేదు. పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, మర్నాటికి ఆగితే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటేస్తుంది. అలాగే వాయిదా వేసుకోవడానికి, రద్దుకు నియమాలు వేరువేరుగా చదవండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపాన్ల కాలం, రైళ్లు ఆగిపోతే తేదీ మార్చుకునే వీలు ఉండడం రీఫండ్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

గుర్తింపు కార్డులు పెద్దవాళ్లందరివీ కావాలి, ఒక్కరిది చాలదు. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి అది ఒప్పుకోరు. అమెరికా నుంచి వచ్చిన తమ్ముడో మరదలో విదేశీ పాస్‌పోర్టు మీద ఉంటే, పాస్‌పోర్టుతో పాటు ఓసీఐ కార్డు కూడా అసలుదే తీసుకురావాలి. విదేశీ పౌరుడు దిగిన 24 గంటల్లోగా హోటల్‌వాళ్లు ఆ వివరాలు ప్రభుత్వానికి పంపాలి, కౌంటర్ దగ్గర ఆలస్యమయ్యేది అందుకే.

గది తాళం చేతికొచ్చాక సామాను విప్పకముందే అయిదు నిమిషాలు పెట్టండి. గీజర్ వేసి నీళ్లు వేడెక్కుతున్నాయా చూడండి, డిసెంబరులో అదే ముఖ్యం. ఏసీ, తలుపు గడియ, బాత్‌రూమ్ నేల జారుతోందా, కిటికీ చువ్వల మధ్య నాలుగేళ్ల వాడి తల పట్టేంత సందు ఉందా. గోడ మీద గీతలు, పగిలిన గ్లాసు, మరక పడ్డ దుప్పటి కనిపిస్తే ఫొటో తీసి రిసెప్షన్‌కి పంపండి, ఖాళీ చేసేటప్పుడు మీ నెత్తిన పడదు. మామ్మగారి గదిలో బాత్‌రూమ్‌కి ఒక రబ్బరు పట్టా అడగండి.

ఈత కొలను గురించి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. రుషికొండలో కట్టుకున్న బట్టలతోనే సముద్రంలోకి దిగే అలవాటు మనది. కొలనులో అలా కుదరదు. నూలుబట్టల పోగులు ఊడి వడపోత యంత్రంలో ఇరుక్కుంటాయి, రంగు దిగుతుంది, అందుకే నైలాన్ లేదా లైక్రా దుస్తులుంటేనే దిగనిస్తారు. ఆడవాళ్లకు మోకాళ్ల కిందిదాకా ఉండే ఈత దుస్తులు డాబాగార్డెన్స్ వైపు దుకాణాల్లోనే కొనుక్కుని వెళ్లండి, అక్కడ అద్దెవి దొరికినా కొలత కుదరదు. కొలను లోతు అంకెలు గట్టు మీద రాసుంటాయి, పిల్లల కొలను అయినా సరే నాలుగేళ్ల వాడికి చేయి చాపితే అందేంత దూరంలో ఒక పెద్దమనిషి నీళ్లలోనే ఉండాలి. గట్టు మీద ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం కాపలా కాదు.

ఏం సర్దుకోవాలి? స్వెటర్లు. నవ్వకండి, విశాఖలో డిసెంబరు రాత్రి మామూలుగా 18, 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, చాలా ఇళ్లలో స్వెటర్ అన్నదే ఉండదు. ఫిల్మ్‌సిటీ ఊరికి దూరంగా బయలు ప్రదేశం, 12, 13కి దిగే రాత్రులుంటాయి. దీపాల ఊరేగింపు చూడాలంటే మామ్మగారికి శాలువా, మంకీక్యాప్, సాక్సులు తప్పవు. రెండోది, అక్కడ గాలి పొడి. మన ఉక్కలో చెమట కారుతుంటే దాహం గుర్తొస్తుంది. అక్కడ చెమట పట్టినట్టే తెలియదు, ఆరిపోతుంది, సాయంత్రానికి తలనొప్పి. గంటకొకసారి గుర్తుపెట్టుకుని నీళ్లు తాగించండి, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచుకోండి. పెదాలకు వ్యాజిలీన్. కొత్త చెప్పులు వద్దు. బీపీ, షుగర్ మాత్రలు సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో. టూర్ ప్రాంతంలోకి బయటి తిండి రానివ్వరు కాబట్టి పులిహోర పొట్లాలు రైలుకే పరిమితం. చంటిపిల్లల ఆహారానికి, మందులకు ఇబ్బంది ఉండదు. డ్రోన్ తీసుకెళ్లకండి.

టూర్ రోజు ఇలా నడపండి. ప్రధాన గేటు నుంచి లోపలికి కొన్ని కిలోమీటర్లు ఉంటుంది, తిరుగుడంతా వాళ్ల బస్సుల మీదే, సొంత కారు తిప్పుకోవడం కుదరదు. అందుకే హోటల్ నుంచి, టూర్ మొదలయ్యే చోటైన యురేకాకు బస్సు ఎంతసేపటికి ఒకటి వస్తుంది, మధ్యాహ్నం తిరిగి వెళ్లడానికి ఉందా అని ముందురోజు రాత్రే రిసెప్షన్లో అడగండి. మీ మధ్యాహ్నం నిద్ర పథకం అంతా దీనిమీదే ఆధారపడింది. తొమ్మిదికల్లా యురేకాలో ఉంటే ప్రారంభ వేడుక చూడొచ్చు. అక్కడ ఆ రోజు ప్రదర్శనల వేళల పట్టిక ఉంటుంది, ముందు దాన్ని ఫొటో తీయండి. చూసేవాటిలో రెండు రకాలున్నాయి. వైల్డ్ వెస్ట్ స్టంట్, స్పిరిట్ ఆఫ్ రామోజీ లాంటి ప్రదర్శనలు ఫలానా వేళకే మొదలవుతాయి. ఎర్ర బస్సులో స్టూడియో టూర్, పక్షుల పార్కు, ఫండుస్తాన్ వంటివి ఎప్పుడు వెళ్లినా ఉంటాయి. వేళ ఉన్నవాటిని ముందుగా ఆ రోజు పథకంలో పెట్టేసి, మధ్య సందుల్లో మిగతావి నింపండి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. వేడుక అయిపోగానే గుంపంతా ఎర్ర బస్సుల క్యూలోకి ఎగబడుతుంది, ఆ గంటంతా క్యూలోనే పోతుంది, దిగేసరికి స్టంట్ షో అయిపోతుంది.

ఆ మొదటి గంటలో మీరు సీతాకోకచిలుకల పార్కుకో, పిల్లల ఫండుస్తాన్‌కో వెళ్లండి. సీతాకోకచిలుకలు ఎండ తగిలి ఒళ్లు వెచ్చబడితేనే ఎగురుతాయి. పొద్దుటి ఎండే వాటికి మంచి వేళ, మబ్బు పడితే ఆకుల కింద అతుక్కుని కూర్చుంటాయి. స్టంట్ షోలో తుపాకీ పేలుళ్ల శబ్దం ఎక్కువ, చిన్నవాడు బెదిరే రకమైతే వెనక వరసలో అంచున కూర్చోండి, లేచి పోవడానికి వీలుంటుంది. బోరాసుర భయపెట్టే చీకటి దారి. నాలుగేళ్ల వాడికి వద్దు, తొమ్మిదేళ్ల వాడికి పక్కన చేయి పట్టుకునే మనిషి ఉండాలి, పదమూడేళ్ల వాళ్లు మళ్లీ వెళదామంటారు. మూవీ మ్యాజిక్‌లో సినిమాకు శబ్దం, దృశ్యం ఎలా అతుకుతారో జనం చేతే చేయించి చూపిస్తారు. పెద్దపిల్లకు అన్నిటికన్నా నచ్చేది అదే, ముందు వరసలో కూర్చుంటే పిలిచే అవకాశం ఉంది.

ఎర్ర బస్సును భోజనాల తర్వాతకి ఉంచండి. అప్పటికి క్యూ పలచబడుతుంది, ఎండలో నడవక్కర్లేదు, గైడ్ మాట్లాడుతుంటే కూర్చుని చూడ్డమే. పిల్లలకు ఒక పని చెప్పండి: ఒకే కట్టడానికి ఒక్కో వైపు ఒక్కో ముఖం ఉంటుంది, వెనక్కి తిరిగి చూసి అవి కనిపెట్టమనండి. ముందు నుంచి చూస్తే కట్టడం, పక్కనుంచి చూస్తే చెక్క, ప్లాస్టర్, వెనక ఇనుప కమ్మీలు. ఆనుకుని ఫొటోలు దిగకండి, అవి బరువు మోయడానికి కట్టినవి కావు. మాహిష్మతి సెట్ బయలులో ఉంటుంది, నీడ తక్కువ, మధ్యాహ్నం పన్నెండుకి వెళితే కాళ్ల కింద రాయి, నెత్తిన ఎండ. నాలుగు దాటాక వెళితే ఫొటోలకు వెలుతురూ బాగుంటుంది. పక్షుల పార్కులో నడక ఎక్కువ. మామ్మగారికి వీల్‌చైర్ కావాలని పొద్దున్నే యురేకాలో అడిగి పెట్టుకోండి, అలిసిపోయాక వెతుక్కుంటే దొరకదు. సిగ్గుపడితే ఒప్పించండి. తోసేవాళ్లు మీ ఇంట్లో నలుగురున్నారు.

జనం ఎప్పుడు తక్కువ? ఆదివారం, రెండో శనివారం, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అస్సలు వద్దు. మామూలు వారం రోజులే మేలు కానీ, నవంబరు, డిసెంబరుల్లో బడి విహారయాత్రల బస్సులు కూడా వారం రోజుల్లోనే వస్తాయి. వాళ్లు గుంపుగా పదింటికి దిగి, గుంపుగా భోజనం చేసి, నాలుగింటికి వెళ్లిపోతారు. మీరు పన్నెండుకే తినేస్తే భోజనశాల ఖాళీ, నాలుగు తర్వాత రైడ్లు ఖాళీ. పిల్లలు తప్పిపోవడం ఎక్కువగా ఈ బడి గుంపుల మధ్యే జరుగుతుంది. నాలుగేళ్ల వాడి ముంజేయి లోపలివైపు బాల్‌పెన్‌తో మీ నంబరు రాయండి. జేబులో చీటీ పెడితే చొక్కా మార్చినప్పుడు పోతుంది.

మూడోరోజు తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మిగిలినవి. పెద్దపిల్లకు సాహస్ కావాలంటే ఆ పూటే, ఎత్తు, బరువు పరిమితులు టికెట్ కొనేముందే అడగండి. గది పొద్దున్నే ఖాళీ చేసి సామాను హోటల్లో అప్పజెప్పి, రసీదు తీసుకోండి.

ఇంత దూరం ఒద్దు, మామ్మగారికి ఓపిక లేదు అనుకుంటే రుషికొండ, భీమిలి రోడ్డులో ఒక్క రాత్రి కూడా తీసిపారేసేది కాదు. అక్కడ సముద్రం వైపు గది అంటే తూర్పు వైపు గది, పొద్దు పొడవగానే ఎండ కళ్లలో పడుతుంది, దళసరి తెరలున్నాయా అడగండి. కొలను ఎంత బాగున్నా పిల్లలు సముద్రం అంటారు. రుషికొండలో వెనక్కి లాగే ప్రవాహాలు ఉంటాయి, అలలు విరగకుండా నున్నగా కనిపించే చోటే అసలు ప్రమాదం. లైఫ్‌గార్డులున్న చోట, మోకాలి లోతు దాటకుండా. ఇందిరా గాంధీ జూ పక్కనే కానీ సోమవారం సెలవు.

తిరుగు ప్రయాణానికి గోదావరి హైదరాబాద్‌లో సాయంత్రం ఐదు ప్రాంతంలోనే బయల్దేరుతుంది. దానికి వేస్తే ఒంటిగంటకల్లా ఫిల్మ్‌సిటీ వదలాలి, మూడోరోజు టికెట్ దండగ. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో ఉండే గరీబ్‌రథ్ అయితే భోజనం చేసి, మామ్మగారిని ఓ గంట హోటల్ లాబీలో కూర్చోబెట్టి, నాలుగున్నరకు తీరిగ్గా బయల్దేరొచ్చు. అయిదున్నర దాకా మాత్రం ఆగకండి. అప్పుడు గేటు దగ్గర జనమంతా ఒకేసారి బయటపడతారు, యాప్‌లో క్యాబ్ దొరకదు, దొరికినవాడు రద్దు చేస్తాడు. వచ్చిన రోజు తెచ్చిన ట్రావెలర్ డ్రైవర్‌తోనే తిరుగు తేదీ, టైమ్ మాట్లాడేసుకుని కొంత అడ్వాన్స్ ఇవ్వండి. ముందురోజు రాత్రి ఒకసారి, ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి ఇంకోసారి ఫోన్ చేయండి.